దొంగను పట్టే పెట్టె

మదనపల్లె బస్సు డిపోలో టికెట్ల యంత్రాలు బాగుచేసే మురహరి పనిలో దిట్ట, నడవడిలో మంచివాడు, కానీ తన నీడను కూడా నమ్మని అనుమానం మనిషి.

డిపో నుంచి ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని ముందుగదిలో బల్ల దగ్గర కూర్చునేవాడు. పాత రేడియోల స్పీకర్లు, రంగురంగుల వైర్లు, బటన్లు, గోరంత చిప్‌లు అతని లోకం. వాటితో ఆటలు తయారుచేసేవాడు. ఒకసారి ఎర్రదీపాల వరుస మీద కప్ప గెంతే ఆట చేశాడు. ఇంకోసారి అరచేతిలో పట్టే తెర మీద గాలిపటాలు తెగగొట్టుకునే ఆట చేశాడు. బోర్డు మీద అతుకులు వేసేదీ అతనే, కంప్యూటర్లో ప్రోగ్రాం రాసేదీ అతనే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడుచేసి, బాగుచేసి, మళ్ళీ పాడుచేసి నేర్చుకున్నాడు. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. తీరిక సమయాన్ని పేకాటకు తగలేయకుండా ఒక పనికి కట్టుబడిన మనిషిని ఎవరైనా మెచ్చుకోవలసిందే.

తప్పు ఇంకోచోట ఉంది. వీపు గోడకు, ముఖం వాకిలికి ఉండేలా అతను బల్ల వేసుకున్నాడు. పాలవాడు గుమ్మంలోకి వస్తే బోర్డు మీద తువ్వాలు కప్పేవాడు. కొత్త చిప్ కొనగానే దాని మీద అచ్చువేసిన పేరునూ నంబరునూ గరుకు కాగితంతో అరగదీసేవాడు. ఏ చిప్పో తెలియకపోతే ఎవరూ నకలు చేయలేరని అతని ధీమా. ఇంతకీ అతని దగ్గర ఎవరైనా ఎప్పుడైనా ఏమైనా దొంగిలించారా అంటే, ఒక్క మేకు కూడా పోలేదు.

"పాలవాడికి మీ బోర్డు ఎందుకండీ? వాడికి ఆ గేదెతోనే సరిపోతోంది" అనేది అతని భార్య వకుళ.

"నీకు తెలియదు. ఈ రోజుల్లో ఐడియా కంటబడితే చాలు, ఎత్తుకుపోతారు" అనేవాడు మురహరి.

"అయితే నన్నూ ఓ కంట కనిపెట్టండి. రోజూ ఆ బల్ల కింద ఊడ్చేది నేనే కదా."

ఆమె నవ్వుతూ అన్నది. మురహరి నవ్వలేదు. మర్నాటి నుంచి బల్ల కింద తనే ఊడ్చుకోవడం మొదలుపెట్టాడు.

అలాంటి మనిషికి కూడా ఒక స్నేహితుడు ఉండేవాడు. పేరు దస్తగిరి. పెళ్ళిళ్ళకూ జాతరలకూ మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. మురహరి కంటే వయసులో చిన్నవాడు, నోరు తెరిస్తే అన్నా అని తప్ప పిలిచేవాడు కాదు. ఊళ్ళో చూపులేని పిల్లల బడి ఒకటి ఉంది. ఏటా ఆ బడి వార్షికోత్సవానికి దస్తగిరి ఊరికే మైకు కట్టేవాడు. ఆ పరిచయంతో పిల్లలు అతన్ని ఒకటే అడిగారట: అందరి పిల్లలూ ఫోన్లలో ఆటలు ఆడుకుంటారు కదా, తెర చూడనక్కరలేని ఆట ఒకటి తమకు ఎందుకు లేదని.

"ఏం చెప్పాల్నో తోచలేదన్నా. నీ పేరు చెప్పేసినా" అన్నాడు దస్తగిరి.

మురహరికి ఆ మాట పట్టుకుంది. తెర లేని ఆట ఎలా ఉండాలని డిపోలో ఆలోచించాడు, బస్సులో ఆలోచించాడు, అన్నం ముందు కూర్చుని ఆలోచించాడు. చివరికి దారి దొరికింది. ఇల్లులాంటి ఒక పెట్టె. దాని మీద ఒక్కో గదికి ఒక్కో బటన్. ఇంట్లోకి దొంగ దూరతాడు. వంటింట్లోకి పోతే గిన్నె పడుతుంది, బావి దగ్గరికి పోతే గిలక కిర్రుమంటుంది, కొట్టంలోకి పోతే గేదె అరుస్తుంది. ఏ చప్పుడు ఎక్కడిదో చెవితో గుర్తుపట్టి ఆ గది బటన్ నొక్కితే దొంగ దొరికినట్టు. ఆలస్యమైతే వాడు వేరే గదిలోకి జారుకుంటాడు. ఆట సాగేకొద్దీ దొంగ తెలివి మీరుతాడు, అడుగుల చప్పుడు తగ్గిస్తాడు, ఒక గదిలో చప్పుడు చేసి ఇంకో గదిలో దాక్కుంటాడు. ఈ తెలివంతా మురహరి రాసిన ప్రోగ్రాంలోనే ఉంది. రాసీ కొట్టేసీ, కొట్టేసీ రాసీ నెలల తరబడి దాన్ని సానబెట్టాడు.

చప్పుళ్ళన్నీ దస్తగిరి తెచ్చాడు. వాటి కోసం ఊరంతా తిరిగాడు. గిలక ఉన్న బావి కోసం పక్క పల్లెకు పోయాడు. గేదె ఎదుట రికార్డరు పట్టుకుని పొద్దున్నుంచీ కూర్చుంటే అది నోరు మెదపలేదట. విసిగిపోయి తనే గేదెలా అరిచాడు. అప్పుడు అది జవాబు చెప్పింది. "పెట్టెలో ఉండేది గేదె గొంతేనా, నీ గొంతా?" అని వకుళ అడిగితే, "రెండూ ఒకటే మాదిరి ఉండాయి వదినా, నేనే కనుక్కోలేకుండా ఉన్నా" అన్నాడు.

బడి పెద్ద టీచరు సుగుణమ్మ ఒకరోజు ఇంటికి వచ్చి, కళ్ళు మూసుకుని ఆట ఆడి చూసింది. వార్షికోత్సవం రోజున పెట్టెను పిల్లలకు ఇవ్వాలని, ఆ రోజు ఎప్పుడొస్తుందని పిల్లలు తనను రోజూ వేధిస్తున్నారని చెప్పింది. మురహరి చేసినవాటన్నిటిలోకీ అదే గొప్పది. ఆ సంగతి అతనికే అందరికంటే బాగా తెలుసు. గొప్పదని తెలిసిన క్షణం నుంచీ అతని మనసులో భయం మొదలైంది.

ఒక సాయంత్రం మురహరి పెట్టె మూత తీసి పని చేస్తుంటే దస్తగిరి వంగి ఫోన్‌తో లోపలి ఫొటో తీశాడు. స్పీకరు ఎక్కడ కూర్చుంటుందో చూసుకుని చెక్కకు బెజ్జం కోయించాలన్నాడు. మురహరి సరేనన్నాడు. అతను వెళ్ళాక మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. బెజ్జం కోయడానికి కొలత చాలదా, ఫొటో ఎందుకు? అదీ ఒకటి కాదు, పక్క నుంచి ఇంకొకటి కూడా తీశాడే?

మరోసారి బోర్డు మీద అతుకులు వేసే సీసం తీగ అయిపోయి మురహరి కొట్టుకు వెళ్ళాడు. చప్పుళ్ళను కంప్యూటర్లోకి ఎక్కిస్తూ దస్తగిరి బల్ల దగ్గరే ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి తెర మీద ప్రోగ్రాం తెరిచి ఉంది. దస్తగిరి దాన్ని పైకీ కిందికీ జరుపుతూ చూస్తున్నాడు.

"ఇదంతా నువ్వే రాసినావా అన్నా? ఎంత పొడుగుండాదో" అన్నాడు.

మెచ్చుకోలు అది. ఎవరి చెవికైనా మెచ్చుకోలుగానే వినిపిస్తుంది. మురహరి చెవికి మాత్రం పొలం కొనబోయేవాడు గట్ల వెంట నడిచి చూసుకున్నట్టు వినిపించింది. పొడుగు ఎంతో ఇతనికి ఎందుకు?

ఆ వారంలోనే బస్టాండు దగ్గరి టీ కొట్టులో దస్తగిరి ఒక కొత్త మనిషితో మాట్లాడుతూ కనబడ్డాడు. తెల్లచొక్కా, చేతికి ఉంగరాలు, డబ్బున్నవాడిలా ఉన్నాడు. మురహరి స్తంభం పక్కన ఆగాడు. "పెట్టె ఎప్పటికి అందుతుంది?" అని ఆ మనిషి అడగడం స్పష్టంగా వినబడింది. "మాట ఇస్తే తప్పనన్నా" అన్నాడు దస్తగిరి. ఇంతలో మురహరిని చూసి మాట ఆపి, లేచి వచ్చి, టీ తాగుతావా అని అడిగాడు. మురహరి తలనొప్పి అని చెప్పి వెళ్ళిపోయాడు.

నిజంగానే తల పగిలిపోతోంది. ఫొటోలు, ప్రోగ్రాం, ఉంగరాల మనిషి. మూడింటినీ కలిపితే ఒక దొంగ బొమ్మ చక్కగా కుదిరింది. తన ఆటను నకలు తీసి ఎవడో వ్యాపారికి అమ్మబోతున్నాడని తీర్మానించుకున్నాడు. ఇంటికి వెళ్ళి వకుళకు చెప్పాడు.

"అడిగేయండి. ఆ మనిషి ఎవరని అడిగితే చెప్తాడు కదా" అన్నది ఆమె.

"దొంగ నేను దొంగనని చెప్తాడా?"

"దొంగ కాకపోతే?"

ఆ ప్రశ్న దగ్గర మురహరి ఒక్క నిమిషం నిలబడి ఉంటే తరువాత జరిగినదేదీ జరిగేది కాదు. అనుమానం ఉన్నవాడు ఎన్ని ప్రశ్నలైనా తనను తాను వేసుకుంటాడు కానీ ఎదుటివాణ్ణి ఒక్కటీ అడగడు.

ఆదివారం మధ్యాహ్నం వకుళ చెల్లెలి ఇంటికి వెళ్ళింది. మురహరి తలుపు గడియ పెట్టి పనిలోకి దిగాడు. ముందు కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాంను చప్పుళ్ళతో సహా చెరిపేశాడు. పెన్‌డ్రైవులో దాచిన నకలునూ చెరిపేశాడు. ఇక ప్రోగ్రాం అన్నది పెట్టెలోని చిప్‌లో తప్ప లోకంలో మరెక్కడా లేదు. చిప్‌లోంచి దాన్ని బయటికి చదివే దారిని కూడా మూసేశాడు. ఎప్పుడైనా కావలసివస్తే మళ్ళీ రాసుకుంటాను, నా తలలో ఉన్నదే కదా అనుకున్నాడు.

తరువాత పెట్టె లోపల వెలుతురును పసిగట్టే చిన్న బిళ్ళను, దానికి తోడు ఇంకో చిప్‌ను అతికించాడు. మూత వేసినంతసేపూ లోపల చీకటే. ఎవడైనా మూత తీస్తే వెలుతురు పడుతుంది. వెలుతురు పడగానే ఆ రెండో చిప్ ఆట ప్రోగ్రాంను చెరిపేస్తుంది. బటన్లను తనకు మాత్రమే తెలిసిన వరుసలో నొక్కి తెరిస్తే ఏమీ కాదు. ఇంత చేసినా అతని కసి తీరలేదు. దొంగ దొరికినప్పుడు నలుగురికీ తెలియాలి అనుకున్నాడు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని తన గొంతుతో కేక రికార్డు చేసి, చెరిగేముందు అది మోగేలా పెట్టాడు. మొదటిసారి మెల్లగా వచ్చిందని మరోసారి గట్టిగా అరిచాడు.

"ఏమైంది మురహరీ, పామా?" అని పక్కింటి పెద్దాయన గోడ మీదుగా అడిగాడు.

"టీవీ అండీ" అన్నాడు మురహరి.

మరునాడు దస్తగిరి వస్తే, కాఫీ తెస్తానని చెప్పి మురహరి లోపలికి వెళ్ళాడు. వంటింటి తలుపు సందులోంచి కనిపెట్టి చూశాడు. దస్తగిరి పెట్టెను చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. దస్తగిరి జేబురుమాలు తీసి పెట్టె మీది దుమ్ము తుడిచి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. మంచి మనసుతో చూసేవాడికి ఆ ఒక్క పని చాలు. మురహరి మాత్రం, వీడు పసిగట్టాడు, చాలా జాగ్రత్తపరుడు అనుకున్నాడు. తప్పు చేస్తే దొంగ, చేయకపోతే గడుసు దొంగ. అనుమానం కోర్టులో విడుదల అన్నది ఉండదు.

వార్షికోత్సవం రోజు పొద్దున్నే బడి హాలులో పిల్లలంతా చాపల మీద కూర్చున్నారు. దస్తగిరి హాలులోనూ బయట చెట్టుకూ స్పీకర్లు కట్టాడు. ఆట చప్పుడు అందరికీ వినపడాలని పెట్టె పక్కనే మైకు నిలబెట్టాడు. మురహరి కళ్ళు మాత్రం పెట్టె మీద కంటే దస్తగిరి చేతుల మీదే ఎక్కువగా ఉన్నాయి.

సుగుణమ్మ మొదట కదిరమ్మ అనే పిల్లను పిలిచింది. బక్కపలచని పిల్ల, చెవులు చురుకైనవి. పెట్టెను రెండు చేతులా తడిమి, ఏ బటన్ ఏ గదో ఒకసారి అడిగి తెలుసుకున్నది. ఆట మొదలైంది. గిన్నె పడింది. కదిరమ్మ టక్కున నొక్కింది. గిలక కిర్రుమన్నది. అదీ పట్టేసింది. గేదె గొంతు వినపడగానే చాపల మీది పిల్లలంతా కొట్టం, కొట్టం అని అరిచారు. "అరిస్తే దొంగోడు పారిపోతాడు, ఊరుకోండి" అని కదిరమ్మ వాళ్ళను కసిరింది. హాలంతా నవ్వు. సుగుణమ్మ కళ్ళు తుడుచుకున్నది. మురహరి కూడా ఆ కాసేపు దస్తగిరిని మరచిపోయాడు. తన చేతులు చేసిన పని ఇంతమంది పిల్లలను నవ్విస్తుంటే చూసి అతని ఒళ్ళు పులకరించింది.

దొంగ తెలివి మీరాడు. కదిరమ్మ వేళ్ళు కూడా జోరందుకున్నాయి. వంటింటి బటన్‌ను ఒక్క గుద్దు గుద్దింది. బటన్ మీది ప్లాస్టిక్ టోపీ ఊడి కింద పడింది. చెక్కలో గుండ్రని బెజ్జం తెరుచుకుంది. కిటికీలోంచి వస్తున్న పొద్దుటి ఎండ ఆ బెజ్జంలోంచి నేరుగా లోపలికి దిగింది.

"దొంగ! దొంగ! చెయ్యి తియ్యి!"

మైకు పక్కనే ఉంది. కేక హాలులో మోగింది, చెట్టు మీది స్పీకరులో మోగింది, బడి దాటి వీధిలోకి వినపడింది. కదిరమ్మ నిప్పు తాకినట్టు చేతులు వెనక్కు లాక్కున్నది. ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విప్పి, ఎవరికి చూపాలో తెలియక అటొకసారి ఇటొకసారి చూపింది.

"నేనేం తీయలేదు సార్. చూడండి, నా చేతుల్లో ఏం లేదు" అన్నది. తరువాత ఏడ్చేసింది.

సుగుణమ్మ పరుగున వచ్చి ఆమెను దగ్గరకు తీసుకున్నది. మురహరి పెట్టె దగ్గరికి దూకి బటన్లు నొక్కాడు. వంటింట్లో గిన్నె పడలేదు. బావిలో గిలక తిరగలేదు. పెట్టె ఉత్త చెక్క అయిపోయింది. పిల్లలు ఆట ఏమైంది, ఏమైంది అని అడుగుతూనే ఉన్నారు. కాసేపు చూసి టీచర్లు వాళ్ళను ఫలహారానికి తీసుకుపోయారు.

హాలులో మురహరి, దస్తగిరి ఇద్దరే మిగిలారు. మురహరి ప్రోగ్రాంను తలలో వెతికాడు. మొదలు గుర్తుంది, చివర గుర్తుంది. దొంగ ఎలా మాయచేస్తాడో చెప్పే ఆ నడిమి భాగం, నెలల తరబడి దిద్దినది, ఎంత తవ్వినా రాలేదు. అప్పుడు అతనికి ఒక్కటే ఆశ తోచింది. ఇన్నాళ్ళూ ఏది జరుగుతుందని వణికాడో, అదే జరిగి ఉండాలని ఇప్పుడు మనసారా కోరుకున్నాడు.

"దస్తగిరీ, ఆ రోజు నువ్వు ప్రోగ్రాం చూస్తున్నావు కదా. నీ ఫోన్లోకి గానీ, ఎక్కడికైనా గానీ ఎక్కించుకున్నావా? ఉంటే చెప్పు. నేనేమీ అనుకోను."

"లేదన్నా."

"భయపడకు. తీసి ఉంటే మంచిదే. పిల్లలకు ఆట మిగులుతుంది."

"నీది నేనెందుకు తీస్తా?" అన్నాడు దస్తగిరి. ఆ మాట అన్న తరువాత గానీ అడిగినదాంట్లోని అర్థం అతనికి తట్టలేదు. చేతిలోని వైరు చుట్టడం ఆపాడు. పెట్టె వంక చూశాడు. మురహరి ముఖం వంక చూశాడు. జీవితమంతా గొంతులతో బతికినవాడు, ఆ గొంతు ఎవరిదో అతనికి మొదటి అక్షరంలోనే తెలిసింది. ఎందుకన్నది ఇప్పుడు తెలిసింది.

"ఆ కేక నాకోసం పెట్టినావా అన్నా?"

మురహరి తల దించుకున్నాడు. దస్తగిరి మళ్ళీ అడగలేదు. తిట్టలేదు, ఫొటోల గురించి గానీ మరొకదాని గురించి గానీ సంజాయిషీ చెప్పుకోలేదు. వైరు చుట్టడం ముగించి, స్పీకర్లు దించి, ఆటోలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఉంగరాల మనిషి కూతురి పెళ్ళికి స్పీకరు పెట్టె మాట్లాడుకోవడానికి వచ్చినవాడని తరువాత వకుళ విచారించి చెప్పింది. ఒక్క మాట అడిగి ఉంటే టీ చల్లారేలోగా తేలిపోయే సంగతి అది.

మురహరి మళ్ళీ ప్రోగ్రాం రాశాడు. చాలాకాలం పట్టింది. కొత్త దొంగకు పాతవాడి తెలివి రాలేదు. గదులు మారడం తప్ప వాడికి మాయ చేయడం తెలియదు. చప్పుళ్ళన్నీ దస్తగిరి మళ్ళీ ఇచ్చాడు. కాకపోతే తను రాలేదు, ఎవరిచేతనో పంపాడు. ఆ తరువాత ఆ ఇంటి గడప తొక్కలేదు. దారిలో ఎదురైతే బాగున్నారా అని అడిగేవాడు. అన్నా అనడం మానేశాడు.

కొత్త పెట్టెను మురహరి స్వయంగా బడికి తీసుకువెళ్ళాడు. పిల్లలు చుట్టూ మూగి ఆడారు, నవ్వారు. కదిరమ్మ మాత్రం చేతులు రెండూ వెనక కట్టుకుని దూరంగా నిలబడింది. నువ్వూ ఆడమ్మా అని మురహరి బతిమాలాడు. లోపల కేకలేవీ లేవన్నాడు. ఆ రోజు తప్పు నీది కాదు, నాది అని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

"వద్దులే సార్. నేను వింటా" అన్నది కదిరమ్మ.

మురహరి ఎంత చెప్పినా ఆ పిల్ల పెట్టెను ముట్టుకోలేదు. ఆ తరువాత కూడా ఎప్పుడూ ముట్టుకోలేదు.

పిల్లలారా, పెద్దలారా, ఆధారం లేకుండా సాటి మనిషిని అనుమానించేవాడు, ఏ దొంగా చేయలేనంత నష్టాన్ని తనకూ, ఏ పాపమూ ఎరుగని వాళ్ళకూ తన చేతులతోనే చేస్తాడు.